తుమ్మితే మూత్రం పడుతోంది, కెగెల్స్ చేసినా తగ్గలేదు: ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఆవిడ వయసు 29, ఆమదాలవలస దగ్గర ప్రైవేట్ స్కూల్లో టీచర్. రెండూ మామూలు కాన్పులే, రెండుసార్లూ కుట్లు పడ్డాయి, చిన్నపాపకి ఇప్పుడు ఐదు నెలలు, పాలిస్తున్నారు. తుమ్మినా దగ్గినా బస్సు మెట్టెక్కినా మూత్రం పడుతోంది, సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా లాగినట్టు ఉంటోంది. వీడియో చూసి రోజుకి వంద కెగెల్స్ (కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం) చొప్పున రెండు నెలలు చేశారు. తగ్గలేదు సరికదా, ఇప్పుడు భర్తతో కలిసినప్పుడు నొప్పి కూడా మొదలైంది. పిల్లల్ని కన్నాక ఇదంతా మామూలే అని అత్తగారు, ఎలాగూ పిల్లల ఆపరేషన్ అయిపోయింది కదా గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది అని పక్కింటావిడ. ఫిజియోథెరపీతో నిజంగా తగ్గుతుందా, దానికోసం విశాఖ వెళ్లాలా అని అడిగారు.

చెల్లెమ్మా, చాలామందికి తగ్గుతుంది. గర్భసంచి జోలికి వెళ్లకండి. ఆ వంద కెగెల్స్ మాత్రం ఇవాళే ఆపేయండి. ఎందుకో చెప్పడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వస్తోంది, ఓపిగ్గా చదవండి.

నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. మొదట్లో అందరిలాగే మోకాళ్లు, మెడలు, నడుములు చూసేదాన్ని. నడుంనొప్పి అని వచ్చిన ఆడవాళ్లు అంతా అయిపోయాక తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి చెప్పే మాట ఇదే అవుతుండేది. "నవ్వినా తుమ్మినా కోక తడిసిపోతంది, ఇలాటివి ఎవులకి సెప్పుకోగలమమ్మా" అని. అలా వినీ వినీ ఈ పని ప్రత్యేకంగా నేర్చుకుని ఇందులోనే ఉండిపోయాను. కాబట్టి మీకొక్కరికే వచ్చిందేమో అన్న టెన్షన్ వద్దు. మీ అత్తగారన్న "మామూలే"లో సగం నిజముంది, చాలామందికి వస్తుంది. అయితే చాలామందికి వచ్చేదంతా భరించి తీరాల్సిందేమీ కాదు.

లోపల ఏం జరిగిందో చూద్దాం. ముందు ఉండే జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా నులకమంచం అల్లికలా కండరాల పొర ఒకటి ఉంటుంది. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దాని మీదే కూర్చుంటాయి. మూత్రనాళం, యోని, మలద్వారం మూడూ దాని మధ్యలోంచే బయటికి వస్తాయి. దీన్నే పెల్విక్ ఫ్లోర్ అంటున్నారు. తొమ్మిది నెలల బరువు దాని మీదే, ప్రసవంలో బిడ్డ తల వచ్చేదీ అందులోంచే. లోపలి అంచున ఉండే కండరం ఆ సమయంలో మామూలు పొడవుకి మూడు రెట్లు దాటి సాగుతుందని 2004లో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. ఒంట్లో ఇంకే కండరం అంత సాగినా అది తెగిపోయినట్టే, ఇది మాత్రం చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది. కాకపోతే టైం పడుతుంది, కొందరికి సాయం కావాలి. తుమ్మినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ క్షణానికి ముందే ఈ కండరాలు బిగుసుకుని మూత్రనాళాన్ని మూసి పట్టాలి. మీకు ఆ పట్టు ఆలస్యంగానో బలహీనంగానో వస్తోంది, అంతే.

ఇంకో రకం లీకు ఉంది, దాన్ని దీంతో కలపకూడదు. ఇంటి తాళం తీస్తుండగానో కుళాయి చప్పుడు వినగానేనో ఆపుకోలేనంత తొందర వచ్చి, బాత్రూం చేరేలోపే పడిపోవడం. అది మూత్రసంచి తొందరపడటం వల్ల వచ్చేది, దానికి మూత్రసంచికి శిక్షణ ఇవ్వాలి, కనీసం ఆరు వారాలు. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకమే అనిపిస్తోంది, కానీ ఏ వైద్యమైనా మొదలుపెట్టే ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించుకోండి. ఇన్ఫెక్షన్ పెట్టుకుని వ్యాయామాలు చేస్తూ కూర్చుంటే ప్రయోజనం లేదు.

పాలిస్తున్నారు కాబట్టి ఇంకో సంగతి. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది, దాంతో యోని, మూత్రనాళం చుట్టూ చర్మం పొడిబారి పల్చబడుతుంది. నొప్పికి, కొంతవరకు లీకుకీ అదీ ఒక కారణమే. పాలు మాన్పించాక దానంతటదే కొంత మెరుగవుతుంది. అలాగని దీనికోసం పాలు మాన్పించకండి. మెడికల్ షాపుల్లో నీటి ఆధారిత జెల్ దొరుకుతుంది, అది వాడండి. కొబ్బరినూనె వాడేవాళ్లు కండోమ్ వాడుతుంటే మాత్రం జాగ్రత్త, నూనె తగిలితే రబ్బరు పాడవుతుంది. పిల్లల ఆపరేషన్ వల్లే ఇలా అయిందేమో అని చాలామంది అనుకుంటారు, ఆ ఆపరేషన్ ఈ కండరాల దరిదాపులకి కూడా రాదు. సిజేరియన్ వాళ్లు "మాకు కింద ఏమీ కాలేదు కదా" అంటారు, వాళ్లూ తొమ్మిది నెలలు మోశారు, వాళ్లకీ లీకు వస్తుంది, కాకపోతే తక్కువమందికి. ఇక సిజేరియన్లో వెన్నులో వేసిన మత్తుసూది వల్ల జీవితాంతం నడుంనొప్పి అనే మాట మన జిల్లాల్లో ఇంటింటా వింటాం, దానికి ఆధారం లేదు.

ఇప్పుడు ఆ కెగెల్స్ సంగతి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో ఈ వ్యాయామాల గురించి రాశాడు. ఆయన వట్టినే బిగించండి అని చెప్పి పంపించలేదు. ముందు పరీక్షించి, కండరం ఎంత బిగుస్తోందో చూపించే పీడన మీటరు పెట్టి, అది చూసుకుంటూ చేయమన్నాడు. వీడియోల దాకా వచ్చేసరికి పరీక్ష పోయింది, మీటరు పోయింది, లెక్క ఒక్కటి మిగిలింది. 1991లో కొందరు ఆడవాళ్లకి నోటిమాటతో మాత్రమే నేర్పి, ఎలా చేస్తున్నారో కొలిచి చూస్తే దాదాపు సగం మందికే సరిగ్గా వచ్చింది. నాలుగో వంతు మంది చేస్తున్న తీరు లీకు ఇంకా పెంచేలా ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ అంతే. బిగించమంటే ఊపిరి బిగబడతారు, పిరుదులు గట్టిగా నొక్కుకుంటారు, తొడలు దగ్గరికి తెస్తారు, పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే అది ముందుకు ఉబికి వస్తుంటుంది. అంటే పైకి లాగాల్సిన దాన్ని కిందికి తోస్తున్నారు. అలా రోజుకి వందసార్లు తోస్తే సాయంత్రానికి బరువుగా ఉండదా మరి?

మీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. నొప్పి కొత్తగా వచ్చిందన్నారు. కండరం బలహీనంగానే కాదు, బిగుసుకుపోయి కూడా ఉండొచ్చు. ఎప్పుడూ సగం బిగించి ఉంచిన పిడికిలితో వస్తువు పట్టుకోలేం కదా, వదలడం రాని కండరానికి అవసరమైనప్పుడు పట్టడానికి చోటుండదు. లీకవుతుందేమో అన్న భయంతో రోజంతా బిగబట్టుకుని నడిచేవాళ్లకి, కుట్ల చోట గట్టిపడినవాళ్లకి ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటివాళ్లకి కెగెల్స్ ఇస్తే నొప్పి పెరుగుతుంది. బలహీనమా, బిగువా, రెండూనా అన్నది తెలియకుండా ఎవరు వ్యాయామం చెప్పినా, నేను చెప్పినా సరే, అది చీకట్లో రాయే.

మొదటిసారి వెళితే ఏం చేస్తారో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఎక్కువసేపు మాటలే ఉంటాయి: కాన్పులు ఎలా జరిగాయి, బిడ్డ బరువెంత, కుట్లు ఎంతదాకా పడ్డాయి, విరేచనం సాఫీగా అవుతుందా, ఎన్నిసార్లు మూత్రానికి వెళతారు. తర్వాత నడుము, పొట్ట, ఊపిరి తీసుకునే తీరు చూస్తారు. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయాయేమో వేళ్లతో చూస్తారు. ఆ తర్వాత మీరు సరేనంటేనే లోపలి పరీక్ష. దుప్పటి కప్పి, గ్లౌజు వేసుకుని ఒక వేలితో, ఏ పరికరమూ లేకుండా. బిగించమని, వదలమని, దగ్గమని అడుగుతారు. బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలుస్తారు, ఎన్ని సెకన్లు నిలపగలరు, ఎన్నిసార్లు చేయగలరు, పూర్తిగా వదులుతున్నారా, ఎక్కడ నొక్కితే నొప్పి అన్నవి రాసుకుంటారు. మధ్యలో ఆపమంటే ఆపాలి. అసలు వద్దనే హక్కు మీకుంది, అప్పుడు పైనుంచి చూసి గానీ, పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి గానీ కొంత తెలుసుకోవచ్చు. గదికి తలుపు గడియ ఉండాలి, కావాలంటే మీవాళ్లెవరైనా ఆడమనిషి పక్కనే ఉండొచ్చు. ఇవి అడగడానికి మొహమాటపడకండి.

వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలంటే, రెండు మూడు వారాలు బిగించడం అనే మాటే వద్దు, వదలడం నేర్చుకోండి. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. పొట్ట లేవాలి, పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి, అదే సమయంలో కింద మూత్రం మొదలయ్యే ముందు వదులయ్యేట్టు వదులవ్వాలి, ముక్కకూడదు. ఐదు నిమిషాలు, రోజుకి రెండు పూటలు, పాపని పడుకోబెట్టాక చేసుకోవచ్చు. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకి ఆనించే బాలాసనం వచ్చినా మంచిదే. కుట్లు పూర్తిగా మానాయి కాబట్టి ఆ మచ్చ మీద శుభ్రమైన బొటనవేలితో కాస్త నూనె రాసి మెల్లగా అటూ ఇటూ కదపొచ్చు, ఓర్చుకోగలిగినంతే.

వదలడం వచ్చాక, పరీక్షలో బలహీనత ఉందని తేలితే, అప్పుడు బిగింపు. పదిమందిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకున్నట్టు వెనక మొదలుపెట్టి, ఆ పట్టు ముందుకు తెచ్చి, లోపలికీ పైకీ లాగాలి. ఊపిరి వదులుతూ లాగండి. పిరుదులు, తొడలు మెత్తగా ఉండాలి. మూడు నాలుగు సెకన్లు నిలిపి, దానికి రెట్టింపు సేపు వదలండి. ఇలా ఎనిమిది, రోజుకి మూడుసార్లు, అంతే, వందలు అక్కర్లేదు. నెమ్మదిగా పది సెకన్ల దాకా పెంచుతారు, తర్వాత చకచకా బిగించి వదిలేవి కలుపుతారు. పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని ఎవరైనా చెబితే వినకండి, మూత్రసంచి సరిగ్గా ఖాళీ కాకుండా పోతుంది.

వీటన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చే చిన్న కిటుకు ఒకటుంది. తుమ్ము వస్తోందని తెలియగానే, తుమ్మడానికి అర సెకను ముందు ఆ కండరాన్ని పైకి లాగి పట్టుకోవడం. పాపని ఎత్తుకునే ముందు, బస్సు మెట్టు మీద కాలు పెట్టే ముందు కూడా. కొద్దిగా లీకయ్యే పెద్దవయసు ఆడవాళ్లకి ఇదొక్కటే నేర్పి వారం తర్వాత చూస్తే దగ్గినప్పుడు పడే మూత్రం బాగా తగ్గిపోయిందని 1998లో ఒక అధ్యయనం చూపించింది. మొదట్లో గుర్తుండదు, సగంసార్లు తుమ్మేశాక గుర్తొస్తుంది, పర్లేదు.

ఎన్నాళ్లు అంటే, కనీసం మూడు నెలలు. బ్రిటన్ మార్గదర్శకాలు కూడా ఇలాంటి లీకుకి మందులూ ఆపరేషన్ల కంటే ముందు మూడు నెలల పర్యవేక్షణతో వ్యాయామమే చెబుతాయి. 2018లో అంతవరకు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, ఈ రకం లీకు ఉండి వ్యాయామం చేసినవాళ్లలో 56 శాతం మంది నయమైందన్నారు, చేయనివాళ్లలో 6 శాతం. అంటే అందరికీ కాదు, నేను గ్యారంటీ ఇవ్వడం లేదు. కానీ కత్తి లేకుండా ఇంత ఫలితం తక్కువేమీ కాదు.

రోజువారీ అలవాట్ల గురించి చెప్పకపోతే పైదంతా దండగ. స్కూల్లో బాత్రూం బాగోదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఆపుకుంటున్నారా? టీచర్లలో పదిమందిలో తొమ్మిదిమంది అవునంటారు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఆవిడ ఒకరు, కిలోల లెక్కన కూలీ కాబట్టి లేచి వెళితే డబ్బు పోతుందని అలాగే కూర్చునేది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా రెచ్చగొడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కి ముక్కి కండరాలు ఇంకా సాగుతాయి. పాలిచ్చే తల్లికి దాహం ఎలాగూ ఎక్కువ, దాన్ని చంపుకోకండి. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్ని అడిగి తాగాలి, నా మాట వినొద్దు. ఇంకోవైపు, బస్సెక్కే ముందు, బడికి బయల్దేరే ముందు, రాకపోయినా "ఎందుకైనా మంచిది" అని వెళ్లి రావడం కూడా మంచి అలవాటు కాదు, మూత్రసంచి కొంచెం నిండగానే గోల పెట్టడం నేర్చుకుంటుంది. పగలు ఆరు నుంచి ఎనిమిదిసార్లు మామూలు. టీ మూడు నాలుగు గ్లాసులు తాగుతుంటే తగ్గించి చూడండి.

పత్యం గురించి ఒక మాట అనకుండా ఉండలేను. బాలింతకి నీళ్లు కొలిచి ఇవ్వడం, కూరలు పెట్టకపోవడం, వేపుడు కారంతో నెలలు గడపడం మన ఇళ్లల్లో ఇంకా ఉంది. పెద్దవాళ్ల ప్రేమను కాదనను, బాలింతలకి పెట్టే కాయం మందు తింటే నాకేం అభ్యంతరం లేదు. కానీ కుట్లు పడ్డ మనిషికి మలబద్ధకం తెచ్చిపెట్టడం ఏం న్యాయం? అత్తగారితో గొడవ వద్దు, "డాక్టరమ్మ నీళ్లు, ఆకుకూరలు తప్పకుండా తీసుకోమంది" అని మా మీదకి తోసేయండి, దానికే ఉన్నాం మేం.

ఇక గర్భసంచి. తీయించుకోమన్న పక్కింటావిడ చెడ్డది కాదు, చుట్టూ అంతమంది తీయించుకున్నారు మరి. ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. అయితే మూత్రాన్ని ఆపేది గర్భసంచి కాదు, దాన్ని తీసేస్తే లీకు ఆగదు. పైగా 2007లో స్వీడన్‌లో లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు పోల్చి చూస్తే, గర్భసంచి తీయించుకున్నవాళ్లకి తర్వాతి కాలంలో లీకు కోసం ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెట్టింపుకి మించి ఉందని తేలింది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే నెలసరి ఆగిపోయి ఎముకలకీ గుండెకీ నష్టం. తీయాల్సిన జబ్బులు ఉన్నాయి, కాదనను, మీరు చెప్పినవాటిలో అలాంటిది ఏదీ లేదు.

సాయంత్రం బరువు మాటకొస్తే, అది గర్భసంచో మూత్రసంచో కొద్దిగా జారడం కావచ్చు. కాన్పయిన మొదటి ఏడాదిలో కొద్దిపాటి జారుడు చాలామందిలో ఉంటుంది, మెరుగవుతుంది కూడా. చేతికి ఏదో ఉబ్బుగా తగిలితే గైనకాలజిస్టుకి చూపించండి. ఎక్కువగా జారినవాళ్లకి కూడా పెసరీ అని లోపల పెట్టే సిలికాన్ రింగు ఉంది, ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. అప్పటిదాకా నిండు బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తకండి.

డబ్బులు వృథా చేసుకునే దారులు కూడా చెబుతాను. పరీక్ష చేయకుండానే ఇరవై సిట్టింగులు కరెంటు పెడతాం అని ప్యాకేజీ చెబితే లేచి వచ్చేయండి, అది అసలు కండరం కదపలేని కొద్దిమందికే పనికొస్తుంది. లేజర్‌తో యోనిని బిగుతు చేస్తామనే ప్రకటనల మీద అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలోనే హెచ్చరిక ఇచ్చింది, కాలడం, మచ్చలు, నొప్పి వస్తున్నాయని. పొట్ట బెల్టు మరీ బిగించి కడితే ఒత్తిడంతా కిందికే పోతుంది.

విశాఖ వెళ్లాలా అంటే, మొదటి అడుగుకి అక్కర్లేదు. శ్రీకాకుళంలో అందరూ ఇంకా రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ఇటు విజయనగరం ఘోషాసుపత్రిలోనో గైనిక్ ఓపీలో చూపించుకుని పరీక్షలు చేయించుకోండి. పెల్విక్ ఫ్లోర్ పని చేసే ఫిజియోలు మన రెండు జిల్లాల్లో తక్కువే, విశాఖలో కాస్త ఎక్కువ. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి అడగండి: కాన్పు తర్వాత లీకు కేసులు చూస్తారా, దీనిలో విడిగా శిక్షణ తీసుకున్నారా, ఆడవాళ్లే చూస్తారా, వేరే గది ఉందా. తడబడుతూ "నడుము వ్యాయామాలు నేర్పుతాం" అంటే వేరేచోట వెతకండి. ఒకసారి నేరుగా చూపించుకుంటే తర్వాతివి చాలావరకు వీడియో కాల్లో సాగుతాయి.

మూత్రంలో రక్తం, చలిజ్వరం, మూత్రం అసలు రాకపోవడం, తొడల మధ్య తిమ్మిరి, లేదా తుమ్ముతో సంబంధం లేకుండా రాత్రీ పగలూ కారుతూనే ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఫిజియో కోసం ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి.

మీ ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదని చివర్లో రాశారు. నొప్పి ఉందని, వైద్యం నడుస్తోందని, కొన్నాళ్లు ఆగుదామని సూటిగా చెప్పండి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్లకి కూడా ఇదే లీకు వచ్చి ఇవే వ్యాయామాలు చేస్తారని చెబితే అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

అపాయింట్‌మెంట్ దొరికాక, దానికి ముందు మూడు రోజులు పాత నోటుబుక్ వెనక పేజీల్లో ఎన్ని గంటలకి ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు లీకైంది, ఏం చేస్తుండగా అయింది అని రాయండి. కొలతకి ఇంట్లో స్టీలు గ్లాసు చాలు, అందులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో ఒకసారి చూసుకుంటే సరి. మూడు రోజుల్లో ఒకటైనా స్కూలు రోజు ఉండేలా చూసుకోండి, సెలవురోజు లెక్క వేరేగా ఉంటుంది. నెలసరి మొదలై ఉంటే ఆ రోజులు తప్పించి వెళ్లండి. కాన్పుల డిశ్చార్జ్ కాగితాలు, వదులుగా ఉండే చీరో నైటీయో, పాపని పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు.